అబద్ధం నేర్చిన స్ట్రిప్

సందీప్‌ను గుద్దింది ఇసుక లారీ అని పోలీసులు రాసుకున్నారు. గుద్ది పారిపోయే లారీలు ఆ హైవేకి కొత్తేమీ కాదు. కానీ ఈ లారీ రాప్తాడు దాటాక పట్టపగలు ఒక స్కూటర్‌ను గుద్ది, కొంచెం ముందుకు పోయి ఆగి, రివర్స్ గేరు వేసుకుని వెనక్కి వచ్చి, కిందపడ్డవాడి మీదుగా ఇంకోసారి పోయింది. అంత ఓపికున్న డ్రైవర్ చేసినదాన్ని యాక్సిడెంట్ అని నమ్మడం పోలీసులకు తప్ప ఇంకెవరికీ చేతకాదు.

హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసు. చీఫ్ హేమావతి ఈ సంగతంతా చావుకబురు చల్లగా చెప్పి, టేబుల్ మీది రికార్డర్ నొక్కింది. ఏజెంట్ శశికుమార్ ముందుకు వంగి విన్నాడు. పోయే ముందు సందీప్ చేసిన ఫోన్ కాల్ అది.

"మేడమ్, మా స్ట్రిప్ అబద్ధం నేర్చుకుండాది," అంది వణుకుతున్న ఒక గొంతు. ఆ తర్వాత టక్‌మని శబ్దం. అక్కడితో రికార్డింగ్ అయిపోయింది.

"మన నంబర్ అతని దగ్గర ఎందుకుంది మేడమ్?"

"ఆర్కిడ్ వాళ్ళు లంచం ఇవ్వబోతే నిజాయితీగా వచ్చి మనకు చెప్పాడు. అవసరమైతే చేయమని నంబర్ ఇచ్చాం."

"అవసరం వచ్చింది."

"వచ్చింది. చేశాడు. పోయాడు. ఇప్పుడు పని చూద్దాం."

హేమావతి తీరే అంత. ఆమెకు జాలి లేదని ఆఫీసులో ఎవరూ అనరు, ఆమెకు వినిపిస్తుందని భయం. ఆమె సొరుగులోంచి చిన్న ప్లాస్టిక్ పట్టీ ఒకటి తీసి శశికుమార్ ముందుకు విసిరింది. వేలెడంత పొడవు, దాని మీద నల్లటి కార్బన్ ఇంకుతో ప్రింట్ చేసిన మూడు గీతలు, చివర బిస్మత్ పూత. అనంతపురంలో పద్మప్రియ అనే సైంటిస్టు తయారుచేసిన సెన్సర్ అది. నీళ్ళచుక్క వేసి కొద్దిగా కరెంటు పంపితే ఆ నీళ్ళలో దాక్కున్న సీసం, కాడ్మియం లాంటి విషాలు వచ్చి పూతకు అతుక్కుంటాయి. ఓల్టేజీ మెల్లగా మారుస్తూ పోతే ఒక్కో లోహం తనకు కేటాయించిన చోట ఊడిపోతుంది, ఊడేటప్పుడు మీటర్లో శిఖరం లేస్తుంది. లక్షలు పోసి కొన్న మిషన్లు వారాలు తీసుకుని చెప్పే జవాబును ఇది నిమిషాల్లో, టీ ఖర్చుతో చెబుతుంది. సందీప్ ఆ పద్మప్రియ దగ్గర అసిస్టెంటు. స్ట్రిప్పులు ప్రింట్ చేసే యూనిట్లో క్వాలిటీ చూసేవాడు.

ఇక ఆర్కిడ్ అంటే విదేశీ ముఠా. పాత బ్యాటరీలు కరిగించగా మిగిలిన విషపు మడ్డిని వాళ్ళ దేశాల్లో పారబోయనివ్వరు. అందుకని ఓడల్లో తెచ్చి, ఎరువు అని పేరు పెట్టి, రైల్లో గుంతకల్లు చేర్చి, అక్కడినుంచి ఆ కరువు నేలలో ఎక్కడో మాయం చేస్తున్నారు. ముఠా పెద్ద పేరు డాక్టర్ క్రోల్. నాలుగు పాస్‌పోర్టులు ఉన్న మనిషి, ఏ దేశం వాడో వాడికే గుర్తుండదు.

"శుక్రవారం బెళుగుప్ప దగ్గర కొత్త మంచినీళ్ళ స్కీమ్ ఓపెనింగ్," అంది హేమావతి. "అక్కడికక్కడే పద్మప్రియ స్ట్రిప్పుతో టెస్ట్ చేస్తారు. గ్రీన్ వస్తే వాల్వ్ తిప్పుతారు, నీళ్ళు పల్లెలకు పోతాయి. ఈలోగా ఆ మడ్డి ఎక్కడికి పోతోందో నువ్వు కనిపెట్టాలి. ఆర్కిడ్ లోపల మన మనిషి ఉంది. పేరు గౌతమి. కోడ్ వర్డ్ చెబితేనే నోరు విప్పుతుంది."

శశికుమార్‌నే ఎందుకు పంపుతున్నదో ఆమె చెప్పలేదు, అతనూ అడగలేదు. గుంతకల్లు రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసిన యేసన్న కొడుకు అతను. ఆ నేల యాస, ఆ ఎండ అతనికి కొత్త కాదు. పైగా అతని అక్క చౌడమ్మ కాపురం ఆ స్కీమ్ కిందికొచ్చే పల్లెలోనే. ఆ మాట ఫైల్లో ఉంది, హేమావతి ఫైళ్ళు బాగా చదువుతుంది.

బెళుగుప్ప చుట్టుపక్కల పొలాల్లో ఒక మనిషి ఎవరికీ అనుమానం రాకుండా తిరగాలంటే ఒకటే వేషం. నీళ్ళు చూసే సామి. అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని చేలో నడుస్తాడు, కాయ నిలబడిన చోట బోరు వెయ్యమంటాడు. శశికుమార్ నుదుట విభూతి పట్టించి, కాషాయం పంచె కట్టి, అరచేతిలో కాయ పెట్టుకుని బయల్దేరాడు. డిపార్ట్‌మెంట్ కుర్రవాళ్ళు ఆ కాయను కోసి, లోపల చిన్న మీటర్ పెట్టి, మళ్ళీ గీత కనపడకుండా అతికారు. కింద కన్నంలో పద్మప్రియ తొలిరోజుల్లో చేత్తో చేసిన అసలు స్ట్రిప్పు ఉంది. నీళ్ళలో విషం ఉంటే కాయ అరచేతిలో వణికి లేస్తుంది.

తిప్పన్న అనే రైతు అతన్ని పట్టుకున్నాడు. పట్టుకున్నాడంటే నిజంగానే చెయ్యి పట్టుకుని చేలోకి లాక్కుపోయాడు. తన బోరు ఎండి చాలాకాలమైందని, ఎర్రన్న అనే కాంట్రాక్టర్ వచ్చి ఎండిన బోరును అద్దెకు అడిగాడని, ఎండిన బోరుకు అద్దె ఇచ్చే పిచ్చోడు దొరికాడని ఊరంతా సంబరపడిందని దారి పొడుగునా చెప్పుకొచ్చాడు. తిప్పన్న ఒక్కడిదే కాదు, చుట్టూ ఉన్న పాడుబడ్డ బోర్లన్నీ ఎర్రన్నే తీసుకున్నాడు. రాత్రిపూట ట్యాంకర్లు వచ్చి పోయేవట, ఏం పోస్తున్నారంటే నేలకు బలం మందు అనేవాడట.

ఆర్కిడ్ వాళ్ళ లెక్క తప్పింది అక్కడే. ఎండిన బోరంటే వాళ్ళకు మూత పెట్టిన గొయ్యి. ఈ నేలలో మాత్రం బోరు చచ్చిందని ఏ రైతూ ఒప్పుకోడు. ఇంకో వంద అడుగులు దించితే పడతాయేమో, కంప్రెసర్ పెట్టి కడిగిస్తే ఊట తెరుచుకుంటుందేమో అని బతికినన్నాళ్ళూ దాన్ని లేపుతూనే ఉంటాడు. తిప్పన్న కూడా అద్దె తీసుకుంటూనే ఆశ చావక కంప్రెసర్ పిలిపించి బోరు కడిగించాడు. బూడిదరంగు నీళ్ళు ఎగజిమ్మి గుంటలో నిలిచాయి. ఆ నీళ్ళు అతని గొర్రెలు తాగాయి.

"గిర్రున తిరిగినాయి సామీ," అన్నాడు తిప్పన్న. "కండ్లు కనపడనట్ట ఒకే సోట తిరిగి తిరిగి పడినాయి. ఒగటి గూడా మిగల్లేదు."

శశికుమార్ గుంట దగ్గర కూర్చుని, మొక్కుతున్నట్టు నటిస్తూ కాయ అడుగు తడిపాడు. కాయ అరచేతిలో ఉలిక్కిపడి నిటారుగా లేచింది. విభూతి డబ్బా మూతలో దాచిన తెరమీద సీసం శిఖరం, పక్కనే కాడ్మియం శిఖరం, రెండూ గీతలు దాటి పైకి పోయాయి. తలెత్తి చూస్తే కొత్త స్కీమ్ తాలూకు సంపు పిలిస్తే పలికేంత దూరంలో తెల్లగా మెరుస్తోంది. స్కీమ్ బోర్లు తాగేది ఈ పాడుబోర్ల కింది ఊటనే.

తిప్పన్న మాత్రం కాయనే చూస్తున్నాడు. అతని మొహం వెలిగిపోయింది, రెండు చేతులూ జోడించి కాయకు దండం పెట్టాడు. ఇక్కడ నీళ్ళు లేవని శశికుమార్ ఎంత చెప్పినా వినడే. కాయ లేచింది గదా, దుడ్లు లేనోడు బోరు యాడ ఏయిస్తాడులే అని నువ్వే దాస్తాండావు అన్నాడు. శశికుమార్‌కు ఆ క్షణాన తన వేషం మీద తనకే రోత పుట్టింది.

ఊళ్ళోకి వచ్చేసరికి బడి దగ్గర చౌడమ్మ కట్టెలు మోస్తూ ఎదురైంది. పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది ఆమే. ఎంత గడ్డం పెంచినా, ఎన్ని బొట్లు పెట్టినా అక్క కళ్ళముందు ఏ డిపార్ట్‌మెంట్ వేషమూ నిలవదు. ఆమె నఖశిఖపర్యంతం చూసి, కట్టెలు దించి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని దగ్గరికొచ్చింది.

"ఏసన్న కొడుకు ఈబూతి పెట్టుకున్యాడే. నాయన సూసింటే చర్చి గంటకు కట్టేసి కొట్టుండు," అంది. "ఏం పాడుపని మీద వచ్చినావురా?"

చెప్పలేనన్నాడు. ఆమె మళ్ళీ అడగలేదు, తమ్ముడు చేసేది ఇలాంటి ఉద్యోగమని ఆమెకు ఎప్పుడో తెలుసు. శుక్రవారం నుంచి బడికి కొళాయి వస్తుందని, ఇక పిల్లలు బాటిళ్ళు మోసుకొచ్చే పని లేదని, పప్పు ఈ ట్యాంకర్ నీళ్ళలో చచ్చినా ఉడకదని చెప్పింది. ఆ ఒక్క కొళాయి గురించి ఆమె అంత సంతోషంగా మాట్లాడుతుంటే శశికుమార్ నేల చూపులు చూశాడు.

గౌతమిని కలిసింది రాప్తాడు దగ్గర హైవే పక్కన ఏసీ ఉన్న ఒక రెస్టారెంట్లో. ఆర్కిడ్ కంపెనీకి ఇక్కడ పైకి కనిపించే మొహం ఆమెది. ఆ మొహం చూస్తే ఎవరికైనా కంపెనీ మీద గౌరవం కలుగుతుంది. లేత నీలం పట్టుచీర, జుట్టులోకి తోసిన నల్లకళ్ళద్దాలు, బెంగళూరు సెంటు. పంచెలో ఉన్న సామి పక్క టేబుల్ దగ్గర నిలబడి ఈసారి బుడ్డలు ఎట్లుండాయమ్మా అని అడిగాడు. ఊడలు దిగినాయి గానీ బుడ్డ కట్టలేదు అని ఆమె మెనూ కార్డులోంచి తల ఎత్తకుండా జవాబిచ్చింది. వేరుశనగ పంట మాటలే కోడ్. ఎవరు విన్నా నిట్టూరుస్తారు గానీ అనుమానించరు.

అతను కూర్చున్నాక ఆమె అంతా విప్పి చెప్పింది. స్ట్రిప్పులు ప్రింట్ చేసే యూనిట్‌ను ఆర్కిడ్ దొంగపేరుతో కొనేసింది. శుక్రవారానికి వెళ్ళే సీల్డ్ బాక్సులో స్ట్రిప్పులు నకిలీవి, మీటర్లో చిప్ మార్చేశారు. ఏ నీళ్ళు చూపినా సీసం సున్నా, కాడ్మియం సున్నా. రూల్ ప్రకారం ఆ సీలు అందరి ముందు, సంపు దగ్గరే విప్పాలి కాబట్టి పద్మప్రియకు ముందుగా తెలిసే వీల్లేదు. శుక్రవారం గ్రీన్ వస్తే ఆ యూనిట్‌కు రాష్ట్రమంతటి కాంట్రాక్టు వస్తుంది. ఇక ప్రతి ఊరి నీళ్ళకూ క్రోల్ చెప్పిందే సర్టిఫికెట్. ఎక్కడ మడ్డి పోసినా అడిగేవాడు ఉండడు.

"సందీప్‌కు ఇది తెలిసింది," అన్నాడు శశికుమార్.

"తెలిసింది. సీసం కలిపిన నీళ్ళు చూపినా సున్నానే వచ్చింది."

"లారీ ఎవరు పంపారు?"

గౌతమి స్ట్రాతో గ్లాసులో ఐసు కదిపింది. "నేను."

శశికుమార్ ఆమె వైపు తిరిగాడు.

"క్రోల్‌కు నా మీద అనుమానం వచ్చింది, వాళ్ళ మనిషినేనని రుజువు చూపాలి. కుర్రాడు పద్మప్రియకు చెప్పడానికి బయల్దేరాడు. చెబితే ఆపరేషన్ అయిపోయినట్టే. నేనే చీఫ్‌ను అడిగాను. పది నిమిషాల్లో ఓకే వచ్చింది." ఆమె ఒక గుక్క తాగింది. "కుర్రాడు ఏ దారిలో వస్తున్నాడో కూడా ఆమే చెప్పింది. ఫోన్లో అడిగి కనుక్కుందిలే. నీకు అంతా వినిపించి ఉండదు."

కంచే చేను మేసింది. కాపాడతామని ఏ నంబర్ ఇచ్చారో ఆ నంబరే సందీప్‌ను లారీ కిందికి నడిపించింది. రివర్స్ గేరు సంగతి అడగాలని శశికుమార్ నోటిదాకా వచ్చింది. ఆమె ముందున్న ప్లేటు, తినడం అయ్యాక చేతులు శుభ్రంగా తుడుచుకున్న తీరు చూసి మానుకున్నాడు.

కారు పార్కింగ్ నీడలో నిలబడి హేమావతికి ఫోన్ చేశాడు. మడ్డి ఎక్కడుందో చెప్పాడు, శుక్రవారం టెస్ట్ దొంగదని చెప్పాడు, ఇప్పుడే ఆపితే సరిపోతుందన్నాడు. అటువైపు ఆమె గొంతు ఏమాత్రం మారలేదు. ఆపడానికి వీల్లేదంది. వాల్వ్ తిరగాలి, గ్రీన్ రావాలి, కాంట్రాక్టు సంతకానికి క్రోల్ బెంగళూరులో దిగాలి. వాడు ఈ దేశంలో కాలు పెట్టేది ఆ ఒక్కసారే. అప్పుడు పట్టుకుందాం, ఆ తర్వాత నీళ్ళు ఆపేద్దాం అంది.

"ఎన్నాళ్ళు పడుతుంది మేడమ్?"

"నాలుగు వారాలు. ఎక్కువంటే ఆరు."

"పిల్లలు తాగుతారు. మా అక్క ఆ నీళ్ళతోనే బడిలో వంట చేస్తాది." కోపంలో అతని నోటి నుంచి ఊరి యాస దూకింది.

"అయితే మీ అక్క చేత సెలవు పెట్టించు," అని హేమావతి ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం పొద్దున్నే ఎండ మాడుస్తోంది. సంపు పక్కన షామియానా, మైకు, ప్లాస్టిక్ కుర్చీలు. మొదటి వరసలో ఒక పెద్ద లీడర్, ఆయన పక్కన నీళ్ళశాఖ ఇంజినీర్, రెండో వరసలో కంపెనీ అతిథిగా గౌతమి. ఆమె చేతిసంచి ఒళ్ళో ఉంది, సంచిలో పిస్టల్ ఉంది. నీళ్ళసామి వేషంలోని శశికుమార్‌ను ఆమె తన ముందు వరసకు ఓ పక్కగా, కళ్ళకు కనిపించేచోట కూర్చోబెట్టించింది. అతని మీద హేమావతికి ఎంత నమ్మకం ఉందో ఆ కుర్చీ చూస్తే తెలుస్తోంది. వెనకాల జనం. చౌడమ్మ బడిపిల్లలను వరసగా నిలబెట్టి, కొళాయి కింద పెట్టడానికి తోమిన డేగిసా కూడా తెచ్చుకుంది. సెలవు పెట్టమని చెప్పడానికి అతనికి నోరు రాలేదు. పెట్టినా మిగతా తల్లుల పిల్లలకు ఎవరు సెలవు ఇస్తారు?

పద్మప్రియ వచ్చింది. సన్నగా, పొట్టిగా, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటుంది. సందీప్ పోయినప్పటి నుంచి నిద్రలేని కళ్ళు. అందరి ముందూ బాక్సు సీలు విప్పింది, కొత్త స్ట్రిప్పు మీటర్‌కు తగిలించింది, శాంపుల్ కోసం చెయ్యి చాచింది.

సరిగ్గా అక్కడ ఎర్రన్న తప్పు చేశాడు. ముందు టెస్టు, తర్వాతే ఏదైనా అని ఆర్కిడ్ వాళ్ళు అతనికి చిలక్కు చెప్పినట్టు చెప్పారు. కానీ ఎర్రన్న ఎంత దుర్మార్గుడైనా ఈ నేల మీద పుట్టినవాడు. కొత్తనీళ్ళు పైకి వస్తే తొలిబిందె గంగమ్మది. ఆమెకు పసుపు కుంకుమ ఇవ్వకుండా ఆ నీళ్ళను ఇంకొకరి చేతికివ్వడానికి అతని చెయ్యి రాదు. బోర్లలో విషం పోయించిన మనిషే గంగమ్మకు భయపడ్డాడు, చూడండి మరి. టెంకాయ కొట్టాడు, కర్పూరం వెలిగించాడు, జాతరలో కొన్న పొట్లం చింపి కుంకుమ దోసిలెత్తి బిందెలో పోశాడు. నీళ్ళు ఎర్రగా తిరిగాయి. అదే బిందెలోంచి గ్లాసు ముంచి పద్మప్రియకు అందించాడు. ఎలాగూ సున్నా వచ్చేదే కదా అని ధీమా.

ఈ నీళ్ళు పనికిరావని, వేరే తెమ్మని పద్మప్రియ అంది. ఇంజినీర్ గడియారం చూసుకున్నాడు, లీడర్ గొంతు సవరించుకున్నాడు. అమ్మవారి నీళ్ళకు వంక పెడతావా అని ఎర్రన్న గద్దించాడు. ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. జాతర పొట్లాల్లో ఎరుపు నిగనిగలాడడానికి సీసపు సిందూరం కలుపుతారని ఆమెకు తెలుసు. మీటర్ గోలపెడుతుంది, అప్పుడైనా వీళ్ళకు బుద్ధొస్తుంది అనుకుని ఆ ఎర్రనీళ్ళ చుక్కే స్ట్రిప్పు మీద వేసింది.

మీటర్ గ్రీన్ చూపింది. సీసం సున్నా. కాడ్మియం సున్నా.

జనం చప్పట్లు కొట్టారు. ఎర్రన్న వాల్వ్ చక్రం దగ్గరికి నడిచాడు. పద్మప్రియ మాత్రం మీటర్‌ను చూస్తూ అలాగే నిలబడింది. ఇది మంచి కుంకుమేనేమో అన్న సందేహం, తన మీద తనకే సందేహం ఆమె మొహంలో తెలిసిపోతోంది. ఇంజినీర్ కాగితం మీద సంతకం కోసం పెన్ను ఇచ్చాడు. ఆమె పెన్ను తీసుకుంది.

శశికుమార్ ఒక్కసారి వెనక్కి తిరిగి పిల్లల వరస చూశాడు. తర్వాత లేచి నిలబడ్డాడు. ఉద్యోగం పోతుందని, ప్రాణం కూడా పోవచ్చని తెలిసే లేచాడు.

"పద్మప్రియమ్మా," అన్నాడు. "సచ్చిపోయే ముందర సందీప్ ఒక మాట చెప్పినాడు. మా స్ట్రిప్ అబద్ధం నేర్చుకుండాది అన్యాడు."

ఆమె చేతిలోంచి పెన్ను జారింది. రెండో మాట అడగలేదు. కిందపడున్న పొట్లంలోంచి చిటికెడు కుంకుమ తీసి, తన పరీక్ష ద్రావకంలో కలిపి, ఇంకో కొత్త స్ట్రిప్పు దాంట్లో ముంచింది. ఉత్త కుంకుమ, ఎంత మంచిదైనా చిన్న శిఖరమైనా లేవాలి. మళ్ళీ సున్నా. మళ్ళీ గ్రీన్.

"ఇది కుంకుమను గూడా మంచినీళ్ళు అంటాండాది," అని పద్మప్రియ మైకులో చెప్పింది. "ఈ స్ట్రిప్పులు నావి కావు. వాల్వ్ తిప్పొద్దండి."

గౌతమి సంచి తెరుచుకుంది. శశికుమార్‌కు అది కనబడలేదు, క్లిక్‌మన్న శబ్దం వినబడింది. గిర్రున తిరిగి, పిస్టల్ పైకి లేవకముందే ఆమె మణికట్టు పట్టుకుని కుర్చీ ఇనుప అంచుకేసి బాదాడు. ఎముక పటుక్కుమంది. ఆమె అరవలేదు. ఇంకోసారి బాదాడు. రెండోసారి అవసరం లేదు, అయినా బాదాడు, అది రివర్స్ గేరు కోసం. అప్పుడు అరిచింది.

అటు ఎర్రన్న చక్రం మీద పడ్డాడు. ఒకసారి నీళ్ళు పైపుల్లోకి పోతే మళ్ళీ వెనక్కి రప్పించే మొనగాడు ఎవడూ లేడని అతనికి తెలుసు. వాల్వ్ బిగుసుకుపోయి ఉంది, కిర్రుమంటూ కదలడం మొదలుపెట్టింది. ఇంజినీర్ కుర్చీ వెనక దాక్కున్నాడు. లీడర్ అప్పటికే కారు దగ్గరున్నాడు. పద్మప్రియ ఒక్కతే పరుగెత్తి, ఇంకేమీ తోచక, తన కుడిచేతిని మోచేతిదాకా చక్రం చువ్వల మధ్య దూర్చి అవతల పైపును పట్టుకుంది.

"తియ్యి," అన్నాడు ఎర్రన్న.

ఆమె తియ్యలేదు. ఎర్రన్న ఆగనూ లేదు. ఆడపిల్ల చెయ్యి అడ్డుందని తెలిసే తిప్పాడు. చెయ్యి విరిగింది. ఆమె కేక విని జనం చెవులు మూసుకున్నారు. కానీ విరిగిన చెయ్యి చువ్వల మధ్య ఇరుక్కుని చక్రాన్ని పట్టేసింది, అది ముందుకూ పోలేదు, వెనక్కూ రాలేదు. పైపులో నీళ్ళు బుసకొట్టడం మొదలయ్యేసరికి శశికుమార్ వచ్చి ఎర్రన్నను మెడ పట్టుకుని ఎత్తి పడేశాడు. తిప్పన్న వచ్చి అతని గుండెల మీద కూర్చున్నాడు. గొర్రెలు ఎట్లా తిరిగి తిరిగి చచ్చిందీ అతనికి మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాడు, పోలీసులు వచ్చేదాకా చెబుతూనే ఉన్నాడు, మధ్యమధ్య మొహం మీద గుద్దుతూ.

శశికుమార్ పద్మప్రియ చెయ్యి విడిపించి చక్రాన్ని వెనక్కి బిగించాడు. నీళ్ళు మొదటి జాయింటు దాటలేదు.

సాయంత్రానికి బోర్లకు సీళ్ళు పడ్డాయి, ప్రింటింగ్ యూనిట్‌కు తాళం పడింది. డాక్టర్ క్రోల్ విమానం ఎక్కకుండానే వెనక్కి తిరిగాడని కబురొచ్చింది. హేమావతి ఫోన్ చేసి, అయిదేళ్ళ ఆపరేషన్‌ను గుప్పెడు కుంకుమలో కలిపావని అంది. సస్పెన్షన్ ఆర్డర్ మెయిల్లో వస్తుందంది. సందీప్ ఫోన్ కాల్ పూర్తి రికార్డింగ్ అడిగితే, అలాంటిదేమీ ఎప్పుడూ లేదంది. అతని కేసు యాక్సిడెంటుగానే మూసేశారు. గౌతమి విరిగిన చేతికి కట్టు కట్టించుకుని, సర్కారు సాక్షిగా మారి, ఏసీ గదిలో ఉంది. పద్మప్రియ చెయ్యి మునుపటిలా స్ట్రిప్పులు చెయ్యలేదని డాక్టర్లు చెప్పారు. ఆమె ఎడమచేత్తో మొదలుపెట్టింది.

వారం తిరక్కముందే శశికుమార్ మామూలు ప్యాంటూ చొక్కాలో అక్క ఊరికి వచ్చాడు. బడి దగ్గర ట్యాంకర్ కోసం బిందెల వరస సంపు దాకా సాగింది. ఆ వరసలో సీలు వేసిన సంపుకు ఆనుకుని చౌడమ్మ కూర్చుని ఉంది. ట్యాంకర్ నిన్న రాలేదు, మొన్నా రాలేదు. తమ్ముణ్ణి చూసి పక్కకు జరిగి చోటిచ్చింది. జరిగినదంతా ఊళ్ళో విన్నానంది, పిల్లల ప్రాణాలు కాపాడినావంది, నాయన ఉంటే ఎంత మురిసిపోయేవాడో అంది. కళ్ళు తుడుచుకుంది. తర్వాత ఖాళీ బిందె మీద చెయ్యేసి అడిగింది.

"ఇసం తప్పిచ్చినావు, సంతోసం. నీళ్ళు ఎప్పుడిస్తార్రా?"

శశికుమార్ ఆమె పక్కన కూర్చుని ఖాళీ బిందెను తన ముందుకు లాక్కున్నాడు. నీళ్ళలో విషం కలిస్తే ఏజెంటును పంపడానికి దేశంలో ఒక డిపార్ట్‌మెంట్ ఉంది. ఉత్త దాహానికి ఇంతవరకు ఎవరికీ పోస్టింగ్ ఇవ్వలేదు.